పట్టణంలో క్షయ మరణాల లెక్క సరిచూడటం ఎలా: విజయనగరం వార్డుల నుంచి ఒక మార్గదర్శి

విజయనగరంలో ఏ వార్డునైనా తీసుకోండి. పోయినేడాది అక్కడ క్షయతో ఎంతమంది చనిపోయారని అడిగితే నగరపాలక సంస్థ జనన మరణ విభాగం ఒక సంఖ్య చెబుతుంది. టీబీ యూనిట్ మరో సంఖ్య చెబుతుంది. వార్డు ఏఎన్ఎం డైరీ తిరగేస్తే మూడోది కనిపిస్తుంది. ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకున్నారు, అంతే.

ఈ మూడింటినీ ఎలా పోల్చాలని వార్డు ఆరోగ్య కార్యదర్శులు, ప్రజారోగ్యం చదివే విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు అడుగుతూనే ఉన్నారు. చేయాల్సిన పనిని చేయాల్సిన వరుసలో, నేను చేసిన తప్పులతో సహా ఇక్కడ పెడుతున్నాను. ఒక్క సంగతి ముందే చెప్పాలి. మొత్తం సంఖ్యలు పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఏమీ తేలదు. పేరు పేరునా, మనిషి మనిషిగా కలపాల్సిందే.

1. ఏ మరణాన్ని లెక్కిస్తున్నారో ముందు రాసుకోండి

క్షయ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో 'మరణించారు' అని ఉంటే, చికిత్స పూర్తికాకముందే ఆ వ్యక్తి ఏదో ఒక కారణంతో చనిపోయారని అర్థం. కారణం క్షయే కానక్కర్లేదు. మందులు వాడుతున్న మనిషి రింగురోడ్డులో లారీ కిందపడి పోయినా అక్కడ పడేది అదే మాట. మరణ నమోదు విభాగం లెక్క వేరు. మరణానికి దారితీసిన మూలకారణం క్షయ అయితేనే అది క్షయ మరణం.

అందుకే ఒక జాబితాలో ఉన్నవాళ్లు రెండో జాబితాలో ఉండకపోవడం చాలాసార్లు తప్పు కాదు. నాలుగు రకాల మనుషుల విషయంలో ఈ తేడా తప్పకుండా వస్తుంది.

మొదటి రకం, మందులు పూర్తిచేసి, నయమైందనిపించుకుని, పాడైన ఊపిరితిత్తులతో కొన్నేళ్లకు చనిపోయినవారు. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పులో వీరిది క్షయ అనంతర పరిణామాల సంకేతం, బి90. నిక్షయ్‌లో మాత్రం వీరు 'నయమైంది' జాబితాలోనే ఉంటారు.

రెండో రకం, హెచ్ఐవీ ఉండి క్షయతో చనిపోయినవారు. అదే వర్గీకరణ ప్రకారం వీరి మూలకారణం హెచ్ఐవీ కింద, బి20లోకి వెళుతుంది. ఎ15 నుంచి ఎ19 వరకు ఉన్న క్షయ సంకేతాలనే వెతికితే వీరు కనిపించరు.

మూడోవారు, వ్యాధి నిర్ధారణ అయి, మొదటి మాత్ర మింగేలోపే పోయినవారు. నాలుగోవారు అసలు నిర్ధారణే కానివారు. ఈ నాలుగోవారి పేరు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ క్షయ పక్కన ఉండదు.

కాలం సంగతి కూడా తేల్చుకోండి. నవంబరులో చికిత్సకు నమోదై ఫిబ్రవరిలో చనిపోయిన మనిషిని టీబీ కార్యక్రమం నమోదైన ఏడాది బృందంలో లెక్కిస్తుంది, మరణ రిజిస్టరు చనిపోయిన ఏడాదిలో లెక్కిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ ఒక్క కారణంతో పదిహేను రోజుల పని మళ్లీ మొదలుపెట్టాను.

ఇక ఎల్లలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. పార్వతీపురం, సాలూరు వైపు మన్యం జిల్లాలోకి వెళ్లాయి. శ్రీకాకుళం నుంచి రాజాం ప్రాంతం విజయనగరంలోకి వచ్చింది. జిల్లా సంఖ్యలను 2021తో పోల్చి 'తగ్గాయి' అని సంబరపడే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. నగరం వరకే పరిమితమైతే ఈ చిక్కు తక్కువ.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి:

- చనిపోయిన తేదీ ప్రకారం ఏ జనవరి 1 నుంచి ఏ డిసెంబరు 31 వరకు
- నివాసం నగరంలో ఉన్నవారా, నగరంలో చనిపోయినవారా (నివాసాన్నే తీసుకోండి)
- అన్ని రకాల క్షయా, ఊపిరితిత్తుల క్షయ మాత్రమేనా
- చికిత్స ముగిశాక ఎంతకాలం వరకు వెతుకుతారు

2. అనుమతులు

ఇది తొందరగా ముగించగలిగే పని కాదు, కానీ చెప్పడానికి పెద్దగా లేదు. నిక్షయ్ వివరాలకు జిల్లా క్షయ నివారణ అధికారి అనుమతి, మరణ రిజిస్టరుకు నగరపాలక సంస్థలోని రిజిస్ట్రారు అనుమతి లిఖితపూర్వకంగా కావాలి. విద్యార్థులైతే కళాశాల నైతిక సంఘం ఆమోదం కూడా తీసుకోవాలి. ఉద్యోగరీత్యా చూసే అధికారం లేనివారికి పేర్లు ఇవ్వరు, ఇవ్వకూడదు. సమాచార హక్కు దరఖాస్తుతో మొత్తాలు అడగవచ్చు, రోగుల పేర్లు అడగడం సబబు కాదు.

పేరువారీ జాబితాను వాట్సాప్‌లో పంపకండి. 'ఒక్కసారి చూసి తీసేస్తాను' అన్న ఫైలు ఎన్ని ఫోన్లలో మిగిలిపోతుందో మనకు తెలుసు.

3. మొదటి జాబితా: టీబీ యూనిట్ నుంచి

నిక్షయ్ నుంచి తీసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. 'మరణించారు' అన్న ఫలితం ఒక్కటే ఎంచుకుని దిగుమతి చేసుకుంటారు. ఈ కింది నాలుగింటినీ తీసుకోండి.

- మరణించారు
- మధ్యలో చికిత్స ఆపేశారు
- ఫలితం నిర్ధారించలేదు
- నిర్ధారణ అయినా చికిత్స మొదలు కాలేదు

నెల రోజులు, అంతకన్నా ఎక్కువ కాలం వరసగా మందులు ఆపితే 'ఆపేశారు' అని రాస్తారు. మన వైపు నుంచి భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఫోను ఎత్తకపోతే 'వలస వెళ్లారు' అని రాసేయడం సులభం. అలా రాసిన ఇళ్లకు వెళ్లి చూస్తే కొన్నింట గోడమీద దండవేసిన ఫోటో కనిపిస్తుంది.

రెండో సంగతి. నిక్షయ్‌లో ఒక రోగికి నమోదు చేసిన కేంద్రం ఒకటి, ప్రస్తుతం చూస్తున్న కేంద్రం మరొకటి ఉండవచ్చు. విశాఖలోని ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలోనో కేజీహెచ్‌లోనో నిర్ధారణ అయి, మందులు విజయనగరంలో తీసుకునేవారు చాలామంది. ఏ కేంద్రం ప్రకారం వడపోస్తే ఆ సంఖ్య వస్తుంది. రెండు విధాలా తీసి, రోగి గుర్తింపు సంఖ్య ఆధారంగా పునరుక్తులు తీసేయండి.

చికిత్స కార్డులు కూడా చూడండి. ఒక కేంద్రంలో నా చేతికి వచ్చిన కార్డులో, చనిపోయిన తేదీ తర్వాత పదకొండు రోజులపాటు మందు మింగినట్టు టిక్కులున్నాయి. నీలం ఇంకు, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. నెలాఖరున కూర్చుని ఒకేసారి కొట్టినవని చూడగానే తెలుస్తుంది. ఆ కార్డు పట్టుకుని అక్కడే నిలదీయాలనిపించింది. ఆ పని చేస్తే మరుసటి రోజు నుంచి కార్డులు చూపించరు. కార్డులోని చివరి టిక్కును మరణ తేదీకి ఆధారంగా తీసుకోవద్దని మీ పుస్తకంలో రాసుకుని ముందుకు సాగండి. రోగి పోషకాహారానికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన డబ్బు బ్యాంకులో పడిన తేదీ కూడా అలాంటిదే. చెల్లింపులు వెనకబడి వస్తాయి కాబట్టి, డబ్బు పడినంత మాత్రాన ఆనాటికి మనిషి బతికున్నట్టు కాదు.

4. రెండో జాబితా: మరణ రిజిస్టరు నుంచి

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కంటోన్మెంట్‌లో ఇల్లున్న మనిషి కేజీహెచ్‌లో చనిపోతే ఆ మరణం విశాఖ నగరపాలక సంస్థ లెక్కలోకి వెళుతుంది. నెల్లిమర్ల మిమ్స్‌లో చనిపోతే అక్కడి నమోదు కేంద్రానికి వెళుతుంది. అదే విధంగా బొబ్బిలి, గజపతినగరం, ఎస్.కోట నుంచి వచ్చి మన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చనిపోయినవారు విజయనగరం రిజిస్టరులో ఉంటారు. వీరిని తీసేయాలి, వారిని తెచ్చుకోవాలి.

ఎలా? మరణ నివేదిక ఫారం 2లో రెండు భాగాలుంటాయి. చట్టపరమైన భాగంలో పేరు, వయసు, తేదీ, చోటు. గణాంక భాగంలో మృతుల నివాస పట్టణం, వృత్తి, ఎలాంటి వైద్యం అందింది, వ్యాధి పేరు, పొగ, మద్యం అలవాట్లు. మీకు కావలసినవన్నీ రెండో భాగంలోనే ఉన్నాయి. కాగితపు పద్ధతిలో ఆ భాగాన్ని చించి నెలనెలా పైకార్యాలయానికి పంపేస్తారు. పాత సంవత్సరాలకు వెళితే స్థానికంగా మిగిలేది మొదటి భాగమే. కంప్యూటర్‌లో నమోదైన కాలానికే పరిమితమైతే పని నడుస్తుంది.

మరణ కారణాన్ని ధ్రువీకరిస్తూ ఆసుపత్రి మరణానికి వైద్యుడు ఫారం 4, ఇంటి దగ్గర మరణానికి చివరిసారి చూసిన వైద్యుడు ఫారం 4ఎ ఇవ్వాలి. ఈ ధ్రువీకరణకు రుసుము తీసుకోకూడదు. 2023 సవరణ తర్వాత ఆసుపత్రులు దాని ప్రతిని దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. ఇళ్లలో జరిగే మరణాలకు 4ఎ దొరకడం అరుదు. కాబట్టి ఇంటి మరణాల్లో 'కారణం' గడిని నమ్ముకోకుండా 15 ఏళ్లు దాటిన వారందరి పేర్లూ తీసుకోండి. జాబితా పెద్దదవుతుంది. కానీ దొరకాల్సినవాళ్లు అందులోనే ఉంటారు.

5. కారణం గడిని చదవడం

మరణ కారణ ధ్రువీకరణలో మొదటి భాగంలో మూడు వరుసలు. పైన తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసినది, అట్టడుగున మూలకారణం. ప్రతి వరుసకూ ఎదురుగా ఎంతకాలంగా ఉందో రాయాలి. రెండో భాగంలో మరణానికి తోడ్పడిన ఇతర జబ్బులు.

మీకు ఎక్కువగా కనిపించేది ఇది:

- మొదటి వరుస: గుండె, శ్వాస ఆగిపోవడం
- రెండో వరుస: ఖాళీ
- మూడో వరుస: ఖాళీ

చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, శ్వాస ఆగుతాయి. అది మరణం జరిగిన తీరు, కారణం కాదు. ఫారంలోనే అలా రాయవద్దని సూచన ఉంటుంది. అదే మనిషికి ఉండాల్సిన రాత:

- మొదటి వరుస: ఊపిరితిత్తుల నుంచి తీవ్ర రక్తస్రావం, 3 గంటలు
- రెండో వరుస: ఊపిరితిత్తుల క్షయ, కళ్లె పరీక్షలో నిర్ధారణ, 5 నెలలు
- రెండో భాగం: మధుమేహం, 8 ఏళ్లు

'శ్వాసకోశ వైఫల్యం', 'న్యుమోనియా', 'ఊపిరితిత్తుల చుట్టూ నీరు', 'రక్తపు వాంతి', 'తీవ్ర బలహీనత' అని మాత్రమే ఉన్నవాటికి పెన్సిలుతో చుక్క పెట్టుకోండి. ఇవన్నీ ఇంటికి వెళ్లి అడగాల్సినవి. వీటిలో క్షయ ఎంతమందిదో కుర్చీలో కూర్చుని ఊహించకండి.

6. పేర్లు కలపడం

అసలు శ్రమ ఇక్కడే. ఉత్తరాంధ్రలో ఈ పని చేయనివారికి దీని రుచి తెలియదు.

పైడితల్లి అమ్మవారి ఊరు ఇది. ఒక్క వార్డులో పైడిరాజులు, పైడమ్మలు, పైడితల్లులు ఎంతమందో. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సన్యాసిరావు, సన్యాసమ్మ, సూర్యనారాయణ. పేరొక్కటే పట్టుకుంటే పది మందికి పది మంది కలిసిపోతారు. మరోవైపు ఒకే మనిషి రెండు చోట్ల రెండు పేర్లతో ఉంటాడు. ఆధార్ ప్రకారం నిక్షయ్‌లో సత్యనారాయణ, ఇంట్లోవాళ్లు చెప్పిన ప్రకారం మరణ రిజిస్టరులో సత్యం. నిక్షయ్‌లో ఆంగ్ల అక్షరాల్లో అప్పలనాయుడును ఎన్ని రకాలుగా రాశారో నేను ఒకసారి లెక్కపెట్టాను. ఏడు దాటాక మానేశాను.

నాకు పనిచేసిన వరుస:

1. రెండు జాబితాల్లోని పేర్లనూ తెలుగులోకి మార్చి ఒకే తీరులో రాయండి. ఇంటిపేరును వేరే గడిలో పెట్టండి. మన వైపు ఇంటిపేరు కలిస్తే సగం పని అయినట్టే.
2. ముందుగా ఫోను నంబరు కలపండి. నిక్షయ్‌లో ఉన్నది కొడుకుదో పక్కింటివాళ్లదో కావచ్చు, మరణ సమాచారం ఇచ్చినది అదే కొడుకు కావచ్చు.
3. తర్వాత ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, స్త్రీ పురుష భేదం, వార్డు. వయసులో అయిదేళ్ల తేడాను అనుమతించండి. 40, 45, 50 అని గుండుసున్నా చుట్టిన వయసులే ఎక్కువ.
4. తేదీతో సరిచూడండి. చికిత్స మొదలైన తేదీకి ముందే చనిపోయినట్టు వస్తే, అది తప్పు జత కావచ్చు, లేదా చనిపోయాక నమోదు చేసిన కేసు కావచ్చు. రెండూ జరుగుతాయి.
5. ప్రతి జతకూ 'ఖాయం', 'బహుశా', 'కాదు' అని రాయండి. 'బహుశా' అన్నవి మరొకరికి ఇచ్చి, మీ అభిప్రాయం చెప్పకుండా విడిగా చూడమనండి. ఇద్దరికీ కుదరనివి వార్డు ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ముందు పెట్టండి. 'ఆ సత్యమా? ఉల్లివీధి చివర సైకిల్ షాపు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కంప్యూటర్ చేయలేని పని అది.

ఇంటి నంబరును మాత్రం చివరికి ఉంచండి. పాత నంబరు, కొత్త నంబరు, అద్దె ఇల్లు, అమ్మగారిల్లు. క్షయ వచ్చాక అద్దె ఇల్లు ఖాళీ చేయించిన సందర్భాలు ఉన్నాయి. జబ్బు మొదలైన చిరునామా, మనిషి చనిపోయిన చిరునామా వేరువేరుగా ఉండటానికి అదొక కారణం.

ఇది పూర్తయ్యేసరికి మీ దగ్గర మూడు కుప్పలుంటాయి. రెండింటిలో ఉన్నవారు, నిక్షయ్‌లో మాత్రమే ఉన్నవారు, రిజిస్టరులో మాత్రమే ఉన్నవారు. ఆఖరి కుప్పలో క్షయ అని స్పష్టంగా రాసి ఉన్నవాళ్లు ముఖ్యం. క్షయ 2012 నుంచి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధి. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. మరణ ధ్రువీకరణలో క్షయ అని రాసిన వైద్యుడు మనిషి బతికుండగా నమోదు చేయలేదంటే, ఆ ఇంట్లో మిగిలినవారికి ఎవరూ పరీక్షలు చేయలేదన్నమాట.

7. ఇంటికి వెళ్లడం

పెద్దకర్మ అయ్యేదాకా వెళ్లకండి. నేనైతే నెల దాటాకే వెళతాను, ఆరు నెలలు దాటనివ్వను. అంతకు మించితే తేదీలు మరిచిపోతారు. పండుగ ముందురోజుల్లో, ముఖ్యంగా సిరిమానోత్సవం వారంలో పెట్టుకోవద్దు. ఎవరూ ఇంట్లో ఉండరు, ఉన్నా మాట్లాడే తీరిక ఉండదు.

గుమ్మం దగ్గర 'టీబీ' అనే మాట ఎత్తవద్దు. ఇంట్లో పెళ్లికెదిగిన అమ్మాయి ఉంటే ఆ ఒక్క మాట వీధి దాటి వెళుతుంది. 'ఆరోగ్య శాఖ నుంచి వచ్చాం, నాన్నగారి విషయం తెలిసింది, ఆయన ఆసుపత్రి కాగితాలు ఒకసారి చూడాలి' అంటే చాలు. లోపలికి రమ్మంటారు.

అడగడం కంటే చూడటం మేలు. ఎక్స్‌రే కవరు బీరువా మీదో మంచం కిందో ఉంటుంది. ఓపీ చీటీలు, మాత్రల ఖాళీ అట్టలు, రక్త పరీక్ష కాగితాలు. వీటిని తేదీ ప్రకారం నేలమీద పరిస్తే సగం కథ తెలుస్తుంది. తర్వాతే ప్రశ్నలు:

- దగ్గు ఎప్పుడు మొదలైంది? నెల చెప్పలేకపోతే 'సంక్రాంతికి ముందా, తర్వాతా' అని అడగండి
- కళ్లెలో రక్తం పడిందా, సాయంత్రం జ్వరం వచ్చేదా, బట్టలు వదులయ్యాయా
- మొదట ఎవరికి చూపించారు, ఆ తర్వాత ఎవరికి, ఎక్కడ పేరు చెప్పారు
- మందులు ఎన్ని రోజులు వాడారు, ఎందుకు ఆపారు
- చివరి వారంలో లేచి నిలబడగలిగారా, కాళ్లు వాచాయా
- షుగరు, మద్యం, పొగ, అంతకుముందు ఎప్పుడైనా ఇదే జబ్బుకు మందులు వాడారా

ఒక ఇంట్లో భర్త పోయిన ఆవిడ 'రెండు నెలలు ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది' అంది. అక్కడి నుంచి ఒక ప్రైవేటు క్లినిక్, దగ్గు మందు. మరో క్లినిక్, ఎక్స్‌రే. చివరికి ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి మందులు మొదలుపెట్టిన తొమ్మిదో రోజు పోయాడు. నిక్షయ్‌లో అతనిది తొమ్మిది రోజుల కథ. ఇంట్లో అది నాలుగు నెలలు.

ఇంటి నుంచి బయటకు వచ్చేముందు ఇంకో పని ఉంది. ఆ ఇంట్లో మిగిలినవారికి దగ్గు, జ్వరం ఉన్నాయేమో అడిగి, ఎక్స్‌రేకు, కళ్లె పరీక్షకు పంపించే ఏర్పాటు చేయండి. వ్యాధి లేదని తేలితే నివారణ చికిత్స ఉంటుంది. అది ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ కావచ్చు, మూడు నెలలపాటు వారానికోసారి తీసుకునే రెండు మందుల విధానం కావచ్చు. అయిదేళ్లలోపు పిల్లలుంటే ఆ రోజే టీబీ యూనిట్‌కు ఫోను చేయండి.

8. తేదీల గీత గీయండి

ప్రతి మరణానికీ ఒక అడ్డగీత. దానిమీద అయిదు తేదీలు: లక్షణాలు మొదలైనది, మొదటిసారి ఎవరికైనా చూపించినది, నిర్ధారణ అయినది, మందు మొదలైనది, చనిపోయినది. మధ్య రోజులు లెక్కపెట్టి రాయండి.

క్షయ మరణాల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతాయి. కాబట్టి మీ గీతలన్నీ ఒకచోట పెడితే పొడవు ఎక్కడ ఉందో తేలుతుంది. మొదటి ముక్క పొడవైతే జనం ఆలస్యంగా వస్తున్నారు. రెండోది పొడవైతే వైద్యులు ఆలస్యంగా కనిపెడుతున్నారు. మూడోది పొడవైతే మన కేంద్రాలదే లోపం. చివరిది పొట్టిదై, మనిషి అప్పటికే నిలబడలేని స్థితిలో ఉంటే, మొదటి రోజే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిన మనిషికి మాత్రలిచ్చి ఇంటికి పంపామన్నమాట.

తమిళనాడు 2022 నుంచి ఈ చివరిదాన్ని పట్టించుకుంటోంది. రోగ నిర్ధారణ అయిన వెంటనే బరువు, ఎత్తు, కాళ్ల వాపు, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, ఆసరా లేకుండా నిలబడగలరా అన్నవి చూసి, ప్రమాదంలో ఉన్నవారిని ఆసుపత్రిలో చేర్చుకుంటుంది. శ్వాస నిమిషానికి 24 దాటినా, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) 14 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా ప్రమాద సంకేతమే. మీ ఇంటి విచారణలో ఇవే ప్రశ్నలు పెట్టుకుంటే మీ వార్డులో ఎంతమంది ఆ గీత దాటి ఉన్నారో చెప్పగలరు.

9. లెక్క కట్టడం

కింది అంకెలు అర్థం కావడానికి వేసినవే, ఏ పట్టణానివీ కావు.

విచారణ అయ్యాక క్షయే కారణమని తేలిన మరణాలు నిక్షయ్ జాబితాలో 40, మరణ రిజిస్టరులో 25, రెండింటిలోనూ ఉన్నవారు 12 అనుకుందాం. మొత్తం 65 కాదు. 40కి 25 కలిపి 12 తీసేస్తే 53.

రెండు జాబితాలకూ చిక్కనివారు ఎందరుంటారో అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది, చెరువులో చేపల్ని పట్టి గుర్తుపెట్టి వదిలి మళ్లీ పట్టి లెక్కవేసినట్టు. మొదటి జాబితాకు ఒకటి కలపండి, రెండోదానికి ఒకటి కలపండి, గుణించండి. ఉమ్మడి సంఖ్యకు ఒకటి కలిపి దానితో భాగించి, ఒకటి తీసేయండి. 41ని 26తో గుణిస్తే 1066. 13తో భాగిస్తే 82. ఒకటి తీస్తే 81. అంటే మరో 28 మంది ఎక్కడా నమోదు కాలేదని అంచనా.

ఈ 81ని పట్టుకుని పత్రికా సమావేశం పెట్టకండి. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారైతేనే ఈ సూత్రం సరిగ్గా పనిచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయినవారు రెండింటిలోనూ ఎక్కే అవకాశం ఎక్కువ కాబట్టి, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండవచ్చు. జత కలపడంలో నలుగురిని పోగొట్టుకున్నా ఫలితం బాగా పెరిగిపోతుంది. ఉమ్మడి 12 బదులు 8 అయితే అంచనా 81 నుంచి 117 దాటుతుంది. ఆరో మెట్టు మీద అంతసేపు నిలబెట్టింది అందుకే.

లక్ష జనాభాకు రేటు కట్టాలంటే జనాభా కావాలి. 2011 లెక్కల్లో విజయనగరం పట్టణ జనాభా సుమారు 2.28 లక్షలు. అది పాతబడిపోయింది. ఏ అంచనా వాడారో రేటు పక్కనే రాయండి. వార్డుల వారీగా రేట్లు మాత్రం కట్టొద్దు. అయిదారు వేల మంది ఉన్న వార్డులో ఒక్క మరణం అటూ ఇటూ అయితే వార్డు తలరాతే మారిపోతుంది. పైగా ఒకటి, రెండు అన్న అంకెలు వేస్తే ఎవరి ఇంటి గురించో వీధిలో అందరికీ తెలిసిపోతుంది.

10. పుస్తకాల్లో దిద్దుబాట్లు

నిక్షయ్‌లో తప్పుగా 'ఆపేశారు' అని ఉన్నవారి జాబితాను ఆధారాలతో జిల్లా క్షయ నివారణ కార్యాలయానికి ఇవ్వండి. ఫలితాన్ని వాళ్లే మారుస్తారు. మరణం సంఖ్య పెరుగుతుందని కొందరు వెనకాడతారు. అప్పుడు 'ఆపేశారు' సంఖ్య తగ్గుతుందని కూడా గుర్తుచేయండి.

మరణ రిజిస్టరులో పేరు, వయసు, తేదీ తప్పులుంటే చట్టంలోని 15వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు అంచున రాసి సరిచేస్తారు. పాత రాతను కొట్టేయరు. వైద్యుడు రాసిన కారణాన్ని మీరుగానీ గుమస్తాగానీ మార్చకూడదు. మీ విచారణలో తేలిన కారణాన్ని మీ జాబితాలో వేరే గడిలో 'విచారణలో తేలినది' అని పెట్టుకోండి. రెండు గడులూ పక్కపక్కన ఉండాలి.

అసలు నమోదే కాని మరణాలు దొరికితే గడువులు ఇవి:

- 21 రోజుల్లోపు: ఉచితం
- 30 రోజుల్లోపు: ఆలస్య రుసుముతో
- ఏడాదిలోపు: నిర్ణీత అధికారి లిఖిత అనుమతి, రుసుము
- ఏడాది దాటితే: జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు

శ్మశానంలో ఇచ్చిన రసీదు ఉంటే దాచమని కుటుంబానికి చెప్పండి. ఇంటి మరణాలకు చాలాసార్లు అదొక్కటే తేదీకి ఆధారం.

11. కుటుంబాలు అడిగే ఒక ప్రశ్న

'మరణ ధ్రువపత్రంలో టీబీ అని వస్తుందా? రేపు పెళ్లి సంబంధాలప్పుడు...' ప్రతి రెండో ఇంట్లో ఇదే. రాదు. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం ఎవరికి ఇచ్చే మరణ ధ్రువపత్రంలోనూ మరణ కారణం వెల్లడించకూడదు. మరణ ధ్రువపత్రం నమూనా అయిన ఫారం 6 తీసుకుని చూపించండి, కారణానికి అందులో గడే లేదు. ఆ కాగితం ఒకటి సంచిలో పెట్టుకుని వెళుతుంటాను. చూపించాక, అంతవరకు 'ఏదో ఆయాసమండీ' అన్నవాళ్లు లేచి వెళ్లి బీరువా మీది ఎక్స్‌రే కవరు తెచ్చిస్తారు.